ఫొటోలను మళ్లీ కడిగిన ఊరు

రీలు స్టూడియోలో ఇచ్చి ‘ఫొటోలు కడిగించాం’ అనడం పాతతరం వాళ్లకు బాగా తెలిసిన మాట. జపాన్‌లో ఒక ఊరు నిజంగానే నీళ్లు పోసి ఫొటోలు కడిగింది. ఒకటీ రెండూ కాదు, ఏడున్నర లక్షలు! సునామీ ఊడ్చుకుపోయిన ఇళ్లలోని పెళ్లిళ్లూ పుట్టినరోజులూ బడి పండుగలూ బురదలో దొరికితే వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేసి, ఆరబెట్టి, సొంతదారుల కోసం వెతికింది. ఆ ఊరి పేరు యమమోటో.

సెండాయ్ స్టేషన్‌లో జోబన్ లైను రైలెక్కి దక్షిణంగా నలభై నిమిషాలు వెళ్తే యమమోటో వస్తుంది. మియాగి రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న చిట్టచివరి ఊరు అది. దాటితే ఫుకుషిమా. తూర్పున పసిఫిక్ మహాసముద్రం, పడమట చిన్నచిన్న కొండలు, మధ్యలో బల్లపరుపు నేల. జపాన్ ఈశాన్య ప్రాంతమంతా మంచుకు పెట్టింది పేరైనా ఇక్కడ మాత్రం చలి కాస్త తక్కువ. అందుకే స్ట్రాబెర్రీలు బాగా పండుతాయి. ఆపిల్ తోటలూ ఉన్నాయి. హొక్కిగాయ్ అనే ఆల్చిప్పల్ని కలిపి వండే అన్నం ఈ ఊరి ప్రత్యేకం. దాన్ని తినడానికే పనిగట్టుకుని వచ్చేవాళ్లుంటారు.

రైలు ఊళ్లోకి వచ్చేసరికి పట్టాలు నేలమీద ఉండవు. వంతెన మీదుగా వెళ్తుంటాయి. స్టేషన్ కూడా ఎత్తులోనే ఉంటుంది. పాత పట్టాలు సముద్రానికి దగ్గరగా ఉండేవి. వాటినీ స్టేషన్లనూ సునామీ తుడిచిపెట్టేసింది. దాంతో రైలు మార్గాన్ని లోపలికి జరిపి, ఎత్తు పెంచి కొత్తగా కట్టారు. 2016 డిసెంబరు 10న మళ్లీ రైలు వచ్చింది. అంటే ఈ ఊరివాళ్లు రైలు కోసం అయిదేళ్ల తొమ్మిది నెలలు ఎదురుచూశారన్నమాట.

ఆ మధ్యాహ్నం...

2011 మార్చి 11. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. 9 తీవ్రతతో భూమి కంపించింది. జపాన్ చరిత్రలో నమోదైన భూకంపాల్లో అంత పెద్దది మరొకటి లేదు. ఆ తర్వాత సుమారు గంటకు సముద్రం యమమోటో మీద పడింది. పదహారు వేల పైచిలుకు జనాభా ఉన్న ఆ చిన్న ఊళ్లో 600 మందికి పైగా చనిపోయారు. ఊరి విస్తీర్ణంలో మూడో వంతుకు మించి నీట మునిగింది. స్ట్రాబెర్రీ తోటలు దాదాపు అన్నీ పోయాయి.

ఆ రోజు సంగతి తెలుసుకోవాలంటే నకహామా ప్రాథమిక పాఠశాలకు వెళ్లాలి. సముద్రానికి కూతవేటు దూరంలో రెండంతస్తుల బడి. కొండ మీదికి నడిచి వెళ్లే వ్యవధి లేదని గ్రహించిన ప్రధానోపాధ్యాయుడు పిల్లల్నీ ఉపాధ్యాయుల్నీ బడికి పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్లనూ పైకెక్కించారు. నీళ్లు రెండో అంతస్తును ముంచేశాయి. పైకప్పు కింద సామాన్లు దాచే చిన్న గదిలో, గడ్డకట్టే చలిలో 90 మంది ఆ రాత్రంతా గడిపారు. తెల్లవారాక హెలికాప్టర్లు వచ్చి వాళ్లను తీసుకెళ్లాయి. అందరూ బతికారు. చుట్టుపక్కల ఇళ్లేవీ మిగల్లేదు. వంగిన ఇనుప చువ్వలూ ఊడిన కిటికీలూ పగిలిన గోడలూ... ఏదీ మార్చకుండా ఆ బడిని అలాగే ఉంచి, 2020 సెప్టెంబరు నుంచి సందర్శకులను లోపలికి అనుమతిస్తున్నారు.

ప్రాణాలతో బయటపడినవాళ్లు కొన్ని రోజుల తర్వాత తమ ఇళ్లు ఉన్న చోటికి తిరిగొచ్చారు. పునాదులు తప్ప ఏమీ లేవు. బీరువా, టీవీ, కారు... ఏం పోయినా మళ్లీ కొనుక్కోవచ్చు. కానీ చాలామంది బురదలో కర్రతో కెలుకుతూ వెతికింది మరొకదాని కోసం. ఫొటోల కోసం!

బురదలో దొరికిన పెళ్లికూతురు

శిథిలాల్లో మనుషుల కోసం గాలిస్తున్న సైనికుల చేతికి, అగ్నిమాపక సిబ్బంది చేతికి, స్వచ్ఛంద సేవకుల చేతికి ఆల్బమ్‌లు దొరకసాగాయి.  వాళ్లకు వాటిని పారేయబుద్ధి కాలేదు. కిమోనో కట్టుకున్న పెళ్లికూతురు, చెర్రీపూల కింద కొత్త సంచీ తగిలించుకుని బడికి బయల్దేరిన పిల్లాడు, మూడు, అయిదు, ఏడేళ్ల వయసుల్లో పిల్లలను ముస్తాబు చేసి గుడికి తీసుకెళ్లే పండుగ నాటి ఫొటోలు... అలా ఏరి తెచ్చినవన్నీ ఒక బడి వ్యాయామశాలలో కుప్పలుగా చేరాయి. ఉప్పునీళ్లు, బురద, దుర్వాసన. ఎండలు పెరిగేకొద్దీ అవి కుళ్లిపోవడం మొదలైంది.

ఫొటో కుళ్లడమేమిటి అనిపించవచ్చు. రంగుల ఫొటో అంటే కాగితం మీద జెలటిన్ పూత. జెలటిన్ జంతువుల ఎముకలూ చర్మాల నుంచి తీసే పదార్థం. తడి తగిలితే సూక్ష్మజీవులకు అదే విందుభోజనం. ఆ పూతలో మూడు రంగుల పొరలుంటాయి. పైన ఆకుపచ్చ కలిసిన నీలం, మధ్యలో ముదురు గులాబీ, అడుగున పసుపు. సూక్ష్మజీవులు పైనుంచి తినుకుంటూ పోతాయి. మొదట నీలం పోయి బొమ్మ ఎర్రబారుతుంది. తర్వాత గులాబీ కూడా పోయి పసుపు మిగులుతుంది. చివరికి తెల్లకాగితమే. అంచుల దగ్గర మొదలై మధ్యలోకి పాకుతుంది. ఫొటోలో మనుషులు సాధారణంగా మధ్యలో ఉంటారు కాబట్టి ముఖాలు ఆఖరున పోతాయి. అంటే ఆ ముఖాలను దక్కించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. అంతే, ఎక్కువ ఉండదు.

సరిగ్గా ఆ వ్యవధిలోనే పని మొదలైంది. ఓత్సుమా మహిళా విశ్వవిద్యాలయంలో పనిచేసే పరిశోధకుడు కునియోమి షిబాటా చొరవతో 2011లో ‘జ్ఞాపకాలను పైకి తీసే పని’ అనే అర్థం వచ్చే పేరుతో ఓ బృందం ఏర్పడింది. మునెమాసా తకహాషి అనే యువ ఫొటోగ్రాఫర్, విద్యార్థులు, దేశం నలుమూలల నుంచి వచ్చిన మామూలు మనుషులు అందులో చేరారు. ఆల్బమ్ నుంచి ఫొటోను జాగ్రత్తగా విడదీయాలి. చల్లటి నీళ్లలో ముంచి మెత్తటి కుంచెతోనో వేలికొసతోనో మట్టి తుడవాలి. వేడినీళ్లు తగిలితే జెలటిన్ కరుగుతుంది. గట్టిగా రుద్దితే బొమ్మే లేచొస్తుంది. తర్వాత తీగలకు క్లిప్పులు పెట్టి బట్టల్లా ఆరేయాలి. ఆరినదాన్ని డిజిటల్ కెమెరాతో మళ్లీ ఫొటో తీసి, నంబరు వేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అసలు ఫొటో ఎప్పటికైనా పాడైపోయినా నకలు ఉంటుందని వాళ్ల ముందుచూపు.

ఇలా ఏడున్నర లక్షల ఫొటోలు! లెక్కేస్తే ఊళ్లో మనిషికి నలభైకి పైనే.

ముందుగా అడిగేది ఆ ఒక్క ఫొటో

కడిగిన ఫొటోలను వరుసల్లో పేర్చి, ఊరివాళ్లు వచ్చి చూసుకునే ఏర్పాటు చేశారు. వాటికోసం సునామీ తాకిడికి గురైన ఊళ్లన్నిటిలోనూ జనం వచ్చారు. గంటల తరబడి వంగి, ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్లారు. చాలామంది వెతికింది పెద్ద ఆల్బమ్ కోసం కాదు. ఒకే ఒక్క ఫొటో కోసం. చనిపోయినవారి ముఖం స్పష్టంగా కనిపించే ఒక ఫొటో కోసం.

జపాన్‌లో అంత్యక్రియల వేళ పోయినవారి చిత్రపటం తప్పనిసరి. ఆ తర్వాత ఇంట్లో పూజాస్థానం దగ్గర పెట్టుకుంటారు. పెద్దవాళ్లు పోతే ఫొటో పెద్దది చేయించి దండవేసి గోడకు పెట్టుకునే తెలుగు ఇళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషీ పోయి, ఇల్లూ పోయి, ఆ మనిషి ముఖం చూసుకోవడానికి ఒక్క కాగితం ముక్క కూడా లేకపోతే? దూరంగా ఉన్న చుట్టాలకు ఫోన్లు చేశారు. పాత స్నేహితులనూ చిన్ననాటి సహాధ్యాయులనూ అడిగారు. ఎప్పుడో పెళ్లిలో తీయించుకుని పంచిపెట్టిన ఫొటో, ఎవరికో ఉత్తరంతో పంపిన ఫొటో అప్పుడు అక్కరకొచ్చింది. తమ ఇంట్లో భద్రంగా దాచుకున్నది సముద్రంలో కలిసింది. ఇతరులకు ఇచ్చింది మిగిలింది.

చిరునామా లేని ముఖాలు

ఇలాంటి పని యమమోటోలో మాత్రమే జరగలేదు. ఫిల్ము తయారుచేసే ఫుజీఫిల్మ్ తడిసిన ఫొటోలను ఎలా కడగాలో నేర్పింది, తన ఉద్యోగులతోనూ కడిగించింది. కాపీయర్ యంత్రాల సంస్థ రికో మరికొన్ని తీరప్రాంత ఊళ్లలో 2015 దాకా నాలుగు లక్షలకు పైగా ఫొటోలను శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. వాటిలో సొంతదారులకు చేరినవి సుమారు 90 వేలు. అంటే అయిదింటికి ఒకటి!

మిగతా నాలుగూ ఎందుకు చేరలేదు? కొన్నిటిలో ఫొటో దిగిన కుటుంబమే లేదు. కొందరు ఊరు విడిచి ఎక్కడికో వెళ్లిపోయారు. కొందరికి ఆ ముఖాలు చూసే ధైర్యం ఇంకా రాలేదు. వీటన్నిటితోపాటు మరో కారణమూ ఉంది. చాలా ఫొటోల మీద పేరు లేదు. ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో, అందులో ఉన్నది ఎవరో రాసి లేదు. ఇంట్లోవాళ్లకు తెలుసు కదా అని రాయలేదు. ఇల్లే పోయాక ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఫొటోలు కడిగినవాళ్లు చిన్నచిన్న ఆధారాల కోసం కూడా వెతికారు. బడి దుస్తుల మీది గుర్తు, వెనకాల కనిపించే దుకాణం బోర్డు, ఎక్కడో వెనుకవైపు పెన్సిలుతో రాసిన తేదీ... ఏది దొరికినా సంబరమే. ఊరి పెద్దవాళ్లు వచ్చి ‘ఈ పిల్ల ఫలానావాళ్ల అమ్మాయి కదూ’ అని గుర్తుపడితే ఇంకా సంబరం. మసాషి అసాదా అనే ఫొటోగ్రాఫర్ ఇవాతె రాష్ట్రంలోని నోదా అనే పల్లెలో ఇలా ఫొటోలు కడిగేవాళ్లను చూసి, వాళ్లతో కలిసి పనిచేసి, తర్వాత ఆ అనుభవాలతో పుస్తకం తెచ్చారు. ఆయన జీవితం ఆధారంగా 2020లో జపాన్‌లో ‘అసాదా కుటుంబం’ అనే అర్థం వచ్చే పేరుతో సినిమా కూడా వచ్చింది. అందులో సగం కథ ఈ ఫొటోలదే.

గోడ మీద తెల్లని మరకలు

యమమోటోలో దొరికిన వాటిలో కొన్ని వేల ఫొటోలు బాగుచేయడానికి వీల్లేనంతగా దెబ్బతిన్నాయి. ముఖం ఉండాల్సిన చోట పసుపుపచ్చ మరక. పక్కన ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. లేదా కిమోనో అంచు, లేదా కేకు మీది కొవ్వొత్తి. ఇక వీటిని సొంతదారు వచ్చినా గుర్తుపట్టలేడు. పారేయడమే మిగిలింది.

తకహాషికి మనసొప్పలేదు. ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ పేరుతో 2012 జనవరిలో టోక్యోలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. ఆ ఏడాదే అవి లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, మెల్‌బోర్న్ నగరాలకు వెళ్లాయి. ఫ్రేములు లేవు, పక్కన వివరాలు లేవు. చిన్నచిన్న ఫొటోలు గోడ నిండా వందల కొద్దీ. ఎవరి ఇంటివో పరాయి దేశంలో గోడకు తగిలించడం సబబేనా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. కానీ చూసినవాళ్లకు ఒక విషయం అర్థమైంది. సునామీలో పోయినవారి సంఖ్య పేపర్లో చదివితే అది ఒక అంకె. ముఖం చెరిగిపోయిన పుట్టినరోజు ఫొటో చూస్తే మాత్రం అది ఏ ఇంటిదైనా కావచ్చు, తమదైనా కావచ్చు.

క్యాసెట్ల సంగతేమిటి?

కాగితం మీది ఫొటోకు ఒక గొప్ప గుణముంది. బురదలో పడి ఉన్నా, తీసినవాడికి అది ఫొటో అని తెలుస్తుంది. ఎవరిదో ముఖం కనిపిస్తుంది. అందుకే సైనికులు పక్కన పెట్టారు. వీడియో క్యాసెట్‌కూ మెమరీకార్డుకూ హార్డ్‌డిస్కుకూ ఆ అదృష్టం లేదు. పైకి చూస్తే అదో ప్లాస్టిక్ డబ్బా. లోపల తాతయ్య షష్టిపూర్తి ఉందో, అద్దెకు తెచ్చిన సినిమా ఉందో ఎవరు చెప్పగలరు? పైగా ఉప్పునీళ్లు తాగిన హార్డ్‌డిస్కులోంచి బొమ్మలు రాబట్టడం ఇంట్లో చేసే పని కాదు, నిపుణులకూ కష్టమే.

తడవని క్యాసెట్‌కు కూడా గండం ఉంది. అది ఆడాలంటే వీసీఆర్ కావాలి. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన ఫునాయ్ జపాన్ కంపెనీయే. 2016 జులైలో అదీ తయారీ ఆపేసింది. అంటే 1980లూ 90ల నాటి పెళ్లిళ్ల క్యాసెట్లన్నీ ఇప్పుడు మిగిలి ఉన్న పాత యంత్రాల దయమీద ఆధారపడ్డాయి. ఆ యంత్రాలు తగ్గిపోతూనే ఉన్నాయి. లోపలి టేపు మీది పూత కూడా ఏటికేడాది బలహీనపడుతూనే ఉంది.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, సినిమా రీళ్లను భద్రపరిచే నిపుణులు కొందరు 2002లో అమెరికాలో ‘హోమ్ మూవీ డే’ మొదలుపెట్టారు. ఇంట్లో అటక మీద పడి ఉన్న రీళ్లను జనం తెస్తారు. నిపుణులు వాటిని పరీక్షించి, ఆడించదగ్గవైతే అక్కడే తెరమీద వేస్తారు. ఎవరిదో ఇంటి పిక్నిక్‌ను ఊరంతా కూర్చుని చూస్తుంది. తర్వాత ఇది చాలా దేశాలకు పాకింది, జపాన్‌లోనూ జరుగుతుంటుంది. తమ ఇంటి సినిమాను పదిమందితో కలిసి చూసినప్పుడే ‘ఆ మూల నిలబడ్డది ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుంది, జవాబూ దొరుకుతుంది.

మళ్లీ ఊళ్లోకి...

ఇవాళ యమమోటోకి వెళ్తే ఆ ఫొటోల తీగలు కనిపించవు. కొత్త స్టేషన్ చుట్టూ కొత్త ఇళ్లు లేచాయి. చలికాలం నుంచి వసంతం చివరిదాకా గ్రీన్‌హౌస్‌లలో స్ట్రాబెర్రీలు ఎర్రగా వేలాడుతుంటాయి. పర్యటకులు లోపలికెళ్లి తామే కోసుకు తినొచ్చు. పాత ఊరు ఉన్నవైపు నడిస్తే మాత్రం ఇళ్లు లేని ఖాళీ నేల, కొత్తగా కట్టిన సముద్రపు గోడ, వాటి మధ్య ఒంటరిగా నకహామా బడి. ఆ నేల మీద ఒకప్పుడు వీధులుండేవనీ ఆ వీధుల్లో పెళ్లిళ్లు జరిగాయనీ చెప్పడానికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం చాలావరకు ఆ కడిగిన ఫొటోలే. సొంతదారుకు దొరికినవాళ్ల ఇళ్లలో అవి ఉన్నాయి. అంచులు పసుపుపచ్చగా తినేసి ఉన్నా, మధ్యలో ముఖం అలాగే ఉంది. వాళ్లకు అది చాలు.

మన ఇంట్లో ఏం చేయాలి?

వరద తెలుగువాళ్లకు కొత్త కాదు. 2009 అక్టోబరులో కర్నూలు, 2024 సెప్టెంబరులో విజయవాడ నీట మునిగాయి. నీళ్లు రాకపోయినా చెదలూ చెమ్మా ఎలాగూ ఉన్నాయి. యమమోటో నేర్పిన పాఠాలు ఇక్కడా పనికొస్తాయి.

* ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీత పడుతుంది. స్కెచ్ పెన్ను సిరా దిగిపోతుంది.

* ఈ పని అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వాళ్లకు తెలిసిన పేర్లు మరెవరికీ తెలియవు. వాళ్లు చెబుతుంటే ఫోనులో రికార్డు చేస్తే ఇంకా మంచిది.

* జిగురు పేజీలూ ప్లాస్టిక్ పొరా ఉండే పాత ఆల్బమ్‌లు ఫొటోలకు శత్రువులు. తేలిగ్గా ఊడి వస్తే తీసి వేరే ఆల్బమ్‌లోకి మార్చండి. రాకపోతే లాగొద్దు. పేజీతో సహా స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోకూ ఇదే పద్ధతి.

* ఫొటోలు తడిస్తే ఒకదానికొకటి అంటుకుని ఆరిపోనివ్వొద్దు. శుభ్రమైన చల్లటి నీళ్లలో తేలిగ్గా కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. వెంటనే కుదరకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో ఉంచండి. కుళ్లడం ఆగుతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసినవైతే నీళ్లలో ముంచొద్దు, రంగు కారిపోతుంది.

* పెళ్లి క్యాసెట్లను ఇక వాయిదా వేయకుండా డిజిటల్‌లోకి మార్పించండి. బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టొద్దు, టేపుతోపాటు యంత్రమూ పాడవుతుంది. మార్పించాక కూడా అసలు క్యాసెట్ పారేయొద్దు. డబ్బా మీద ఎవరి పెళ్లో, ఎప్పుడో రాసి, నిలువుగా పెట్టి దాచండి.

* నకళ్లు కనీసం మూడు ఉండాలి. రెండు వేర్వేరు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. హైదరాబాద్‌లో ఒకటి ఉంటే గుంటూరులో అక్క దగ్గర మరొకటి ఉండాలి.

* వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నదున్నట్టుగా వెళ్తుంది.

* ఫోనులోని వేల ఫొటోల్లోంచి ఏడాదికి ఓ యాభై ఏరి ప్రింటు వేయించండి. రెండేసి కాపీలు తీయించి, పండక్కి వచ్చిన చుట్టాల చేతిలో ఒక సెట్టు పెట్టండి. మీ ఇంట్లో పోయినా వాళ్లింట్లో ఉంటుంది.